తొమ్మిదో మెట్టు: పుట్టుక, వ్యాప్తి

ఒక మతం పుట్టాలంటే ఒక మహాపురుషుడు, ఒక గ్రంథం ఉండాలని, అది నాలుగు దిక్కులకూ పాకడానికి కనీసం నాలుగైదు వందల ఏళ్లు పడుతుందని సామాన్యంగా అందరూ నమ్ముతారు. పాఠ్యపుస్తకాల కార్యాలయంలో పటాలాయన కూడా అలాగే నమ్మేవాడు. ఆయన భూగోళ విభాగానికి సంపాదకుడు. మొదటి అంతస్తులో, గోడల నిండా వేలాడే పటాల మధ్య కూర్చుని కూర్చుని ఆ పేరు తెచ్చుకున్నాడు. "ప్రపంచ మతాలు: పుట్టుక, వ్యాప్తి, విస్తరణ" అనే అధ్యాయం రాయవలసింది ఆయనే. రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ అది "సజీవమైన ఉదాహరణ లేదు" అన్న డైరెక్టరుగారి ఎర్రసిరా వ్యాఖ్యతో తిరిగివచ్చింది. రెండోసారి దాని కింద ఇంకో వాక్యం కూడా ఉంది: నెలాఖరులోగా సరిచేయని పక్షంలో ఈ అధ్యాయం చరిత్ర విభాగానికి అప్పగించబడును.

చరిత్ర విభాగమంటే ఆయన సొంత బావమరిది. ముప్ఫై ఏళ్లుగా ఇతరుల రచనలు దిద్దిన పటాలాయనకు తన పేరు అచ్చులో చూసుకునే అవకాశం ఈ ఒక్క అధ్యాయంతోనే వచ్చింది. ఆ పై నెలలో పదవీ విరమణ.

ఆ సోమవారం ఉదయం ఆయన ప్రణాళిక చాలా సరళమైనది: పదింటికి కింద క్యాంటీన్లో టీ తీసుకోవడం, గదిలో కూర్చుని సవరణ మొదలుపెట్టడం. టీ గ్లాసుతో మెట్లెక్కుతుండగా తొమ్మిదో మెట్టు మీది రాతిపలక ఊగింది. టీ అంతా చొక్కా తాగింది. ఆ పలక గురించి భవనాల విభాగానికి ఏడాదిలో మూడు ఉత్తరాలు రాసి ఉన్నాడు. ఇక లాభం లేదని, ఎవరూ కాలు వేయకుండా అడ్డం పెట్టడానికి గదిలోంచి ఒక సగం గ్లోబు పట్టుకొచ్చాడు. దాని దక్షిణార్ధం ఎప్పుడో ఊడి ఎటో పోయింది. మిగిలిన ఉత్తరార్ధం బోర్లిస్తే కదలకుండా కూర్చుంటుంది. దానికి ఫైళ్లు కట్టే ఎర్ర నాడా చుట్టి పలక మీద పెట్టి, ఎడమచేతిలో ఖాళీ గ్లాసుతోనే వంగి, కుడిచేతి రెండు వేళ్లతో నొక్కి చూశాడు. స్థిరంగానే ఉందని తృప్తిపడి వెళ్లిపోయాడు.

కింది నుంచి వస్తున్న టైపిస్టు ఇదంతా చూసింది. అంత చదువుకున్న మనిషి ఊరికే వంగడు కదా అని తానూ వంగి రెండు వేళ్లు ఆనించింది. గంట తిరగకుండా ఆమె బదిలీ రద్దయినట్టు ఉత్తర్వు వచ్చింది.

"నిజమేనా?" అన్నాడు తపాలా గుమాస్తా.

"నా కళ్లారా చూశానండీ. ఆయన నొక్కారు, నేనూ నొక్కా. అంతే!"

"ఏ చేత్తో?"

"కుడిచేత్తో. ఎడమచేతిలో గ్లాసుంది."

"నిండుదా, ఖాళీదా?"

"ఖాళీది."

"చూశావా మరి! ఖాళీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కడం ఏమిటి? ఏదో ఉంది."

గురువారానికి క్యాంటీన్లో గ్లాసులు కరువయ్యాయి. క్యాంటీన్ ఆవిడ వెళ్లి పటాలాయన మీద పడింది. "మీ పుణ్యమా అని గ్లాసులన్నీ మెట్ల మీదే తిరుగుతున్నాయి. టీ దోసిట్లో పొయ్యమంటారా?"

జరిగింది తెలుసుకుని ఆయన నిర్ఘాంతపోయాడు. వెంటనే ఒక ప్రకటన రాసి టైపు చేయించాడు: "ఈ పలక వదులుగా ఉన్నది. దీనిపై కాలు మోపరాదు. గ్లోబును తాకనవసరం లేదు." సాయంత్రానికి దానికి అద్దం వేసి మెట్టు పక్క గోడకు తగిలించారు. మర్నాటికి గుమాస్తాలు దాన్ని చూడకుండా చెప్పగలుగుతున్నారు. మూడో వాక్యం మీద మాత్రం అభిప్రాయభేదం వచ్చింది. నమ్మకం పండినవాళ్లకే తాకనవసరం లేదని టైపు విభాగం, తాకితే అపచారమని గిడ్డంగి విభాగం తేల్చుకున్నాయి. గిడ్డంగివాళ్లు జానెడు ఎత్తులో చెయ్యి ఆపి వెళ్లేవారు.

రెండో అంతస్తు ఇంకా ఎటూ తేల్చుకోలేదు. మరుసటి మంగళవారం డైరెక్టరుగారు జారిపోయిన కలం కోసం సరిగ్గా తొమ్మిదో మెట్టు దగ్గర వంగారు. ఆ మధ్యాహ్నానికల్లా రెండో అంతస్తు మొత్తం ఖాళీ గ్లాసులు పట్టుకుంది.

ఆ వారాంతాన బావమరిది నోటుపుస్తకంతో, నాలుగు రంగు పెన్సిళ్లతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "బావా, ఇది మొదలైంది సోమవారమే కదూ?"

"దేనికి నీకు?"

"ఊరికేలే. బస్సులో వెళ్లే మన తపాలా సంచీల వెంట నీ మతం శాఖా కార్యాలయాలకి పాకింది, తెలుసా? బస్సు వెళ్లే మూడుచోట్లా మెట్టుమీద ఏదో ఒకటి బోర్లించారు. ఒకచోట గ్లోబు దొరక్క గిన్నె పెట్టారు. బస్సు లేనిచోట మాత్రం ఇంకా ఏమీ లేదు."

"నా మతమేమిటయ్యా! పలక ఊగుతోందని పెట్టిన అడ్డం అది!"

"మొదట్లో అందరూ అలాగే అంటారు. అక్కకి చెప్పనా? మీ ఇంట్లోనూ మెట్లున్నాయిగా."

"నీ పని నువ్వు చూసుకో. నేను అధ్యాయం రాసుకోవాలి."

"రాసుకో బావా, రాసుకో. సజీవమైన ఉదాహరణ దొరికిందా?"

"వెతుకుతున్నా," అన్నాడు పటాలాయన.

నెలాఖరు రోజు ఉదయం మూడో ప్రతి తయారైంది. అందులో వర్తకమార్గాలు ఉన్నాయి, రాజుల ఆదరణ ఉంది, శాఖాభేదాలు ఉన్నాయి. అన్నీ రెండువేల ఏళ్లనాటివే. కింది టైపు విభాగం నుంచి కాగితాలు తీసుకుని డైరెక్టరుగారి సంతకం కోసం బయలుదేరేసరికి మెట్ల మీద జనం. భవనాల విభాగం ఏడాది తర్వాత కరుణించి తాపీమేస్త్రీని పంపింది. అతను సిమెంటు బక్కెట్టుతో తొమ్మిదో మెట్టు ముందు నిలబడి ఉన్నాడు.

"కాస్త ఆ డిప్ప తీస్తే పని చేసుకుపోతానండీ."

"డిప్పేమిటయ్యా, నోరు జాగ్రత్త!" అంది టైపిస్టు. "దక్షిణార్ధం తిరిగొచ్చేదాకా దాన్ని ఎవరూ కదపకూడదు."

"ఎవరొచ్చేదాకా?"

"నీకు చెప్పినా అర్థంకాదులే."

"సరేనమ్మా, మీ ఇష్టం. పనైపోయిందని ఇక్కడ సంతకం పెట్టండి, నే పోతా."

తపాలా గుమాస్తా సంతకం పెట్టాడు. అప్పుడు పటాలాయన జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ల హేతువాదం ఒక్కసారిగా పొంగింది.

"ఆగండి! ఏ నమ్మకానికైనా పరీక్ష ఉండాలి. ఇదిగో, తీసేస్తున్నా!" గ్లోబు తీసి మేస్త్రీ చేతిలో పెట్టాడు. "దీని మీద కాలు పెడుతున్నా. ఏమవుతుందో అందరూ చూడండి!"

"వద్దు సార్!" అంది టైపిస్టు.

"బాబూ, పలక వదులుగా..." అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఎవరికీ వినపడలేదు.

ఆ పలక గురించి మూడు ఉత్తరాలు, ఒక ప్రకటన రాసిన మనిషి ఆ క్షణంలో వాటిలో ఏముందో మరిచిపోయి, బరువంతా మోపి కాలు పెట్టాడు. పలక తిరగబడింది. ఆయన తొమ్మిది మెట్లూ దిగివచ్చాడు. ఆయన వెనకే అధ్యాయం, కాగితం తర్వాత కాగితంగా దిగింది. తర్వాత గిడ్డంగి విభాగంవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, మొదటిసారిగా, గ్లోబును తాకారు.

పటాలాయన చీలమండకు ఆరువారాల కట్టు పడింది; పదవీ విరమణ పత్రం మంచం దగ్గరికే వచ్చింది. గడువులోగా సంతకం కాని అధ్యాయం చరిత్ర విభాగానికి వెళ్లింది. అది బావమరిది పేరుతో, నాలుగు రంగుల పటంతో, ఒక కార్యాలయం ఉదాహరణతో అచ్చయింది. స్థాపకుడి పేరు అందులో ఇవ్వలేదు. భవనాల విభాగం దస్త్రంలో పలక మరమ్మతు పూర్తయినట్టు నమోదైంది.

పలక ఇప్పటికీ ఊగుతోంది.