కళ్లు మూశారు, మళ్లీ రండి

ర్యామ్ కొనాలా వద్దా, ఇవాళ అటో ఇటో తేల్చేయాలనుకుంటూ ఫ్లాష్ బాబాయి పొద్దున్నే స్టూడియోకి వచ్చాడు. జనాలకి ఫొటోలు తీస్తూనే తల నెరిసిన మనిషి. తన స్టూడియో కంప్యూటర్ ఎందుకంత నత్తనడక నడుస్తోందో ఆయనకి బాగా తెలుసు. మీట నొక్కగానే రీలు కెమెరా రోజుల నాటి ఫొటోలు కొన్ని వాటంతటవే తెరుచుకునేలా తనే పెట్టుకున్నాడు. రోజూ పిన్ని వచ్చేలోపు వాటిని కళ్లారా చూసుకుని మూసేస్తాడు. అవి పిన్ని కంటబడ్డాయో, కొంప మునిగినట్టే! పోనీ తీసేద్దామా అంటే ప్రాణం ఒప్పదు. ర్యామ్ కొందామంటే, ఈ ముసలి యంత్రానికి దండగేమోనని బెంగ.

"కొనడం తర్వాత బావా, ముందు అరువు తెచ్చి చూద్దాం" అన్నాడు వెనకే వచ్చిన బావమరిది, జేబులోంచి వేలెడంత పచ్చ ముక్క తీస్తూ. "ఇంట్లో అక్క కంప్యూటర్లోది పీక్కొచ్చా."

"చెప్పే తెచ్చావా?"

"చెబితే ఇస్తుందా? స్నానానికి వెళ్లడం చూసి తెచ్చా. క్షణంలో మళ్లీ పెట్టేస్తాగా!"

ఈలోగా ఇంట్లో పిన్ని కంప్యూటర్ వేసింది. అది కుయ్యోమని కూసి ఊరుకుంది. రిపేరతన్ని పిలిపించింది. అతను డబ్బా విప్పి, "అమ్మా, లోపలి సామాను ఎవరో ఎత్తుకుపోయారు" అన్నాడు. పిన్ని పెట్టిన కేకకి పక్కింటావిడ చీపురుతో సహా పరిగెత్తుకొచ్చింది. మొగుడికి ఫోన్ చేస్తే ఎత్తడే! బాబాయేమో అక్కడ బల్ల కింద దూరి వైర్లు తగిలిస్తున్నాడు.

"అయ్యో, దొంగలు ఆయన్నేం చేశారో!" అంటూ పిన్ని స్టూడియోకి పరుగు తీసింది. వెనకాల మిగతా ఇద్దరూ.

సరిగ్గా అప్పుడే బావమరిది మీట నొక్కాడు. జన్మలో ఎన్నడూ లేనిది, కంప్యూటర్ ఠకీమని లేచి కూర్చుంది. బాబాయి బల్ల కిందనుంచి బయటపడేలోపే ఫొటోలన్నీ తెర నిండా పరుచుకున్నాయి.

"దొంగ దొరికాడు!" అని రిపేరతను బావమరిది చొక్కా పట్టుకున్నాడు. పిన్ని అటు చూడనేలేదు. తెరమీద రెండు జడల పిల్ల నవ్వుతోంది.

"ఇవి ఉద్యోగం దరఖాస్తుకని నేను తీయించుకున్నవి కదూ? కళ్లు మూశారు, మళ్లీ రండి, మళ్లీ రండి అని తెగ తిప్పారే నన్ను!"

ఒక్క ఫొటోలోనూ కళ్లు మూసి లేవు. ఆ మాట నమ్మే పాపం పిన్ని ఇన్నేళ్లుగా, రెప్ప పడుతుందేమోనని, ప్రతి ఫొటోలోనూ ఎవరినో కొట్టబోతున్నట్టు గుడ్లురిమి నిలబడుతోంది.

"మొదటిసారే ఇచ్చేస్తే..." బాబాయి నీళ్లు నమిలాడు. "మళ్లీ ఎందుకొస్తావని."

పిన్ని పక్కింటావిడ చేతిలో చీపురు లాక్కుంది. బావమరిది కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పిన్ని దాంతో స్టూలు మీది దుమ్ము దులిపి, తెర ముందు కూర్చుంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎంత బావుందండీ ఈ పిల్ల! నా ర్యామ్ నాకిచ్చేసి, దీనికి కొత్తది కొనండి. పెద్దదే కొనండి."

కొన్నారు. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరూ కలిసే వస్తున్నారు. కంప్యూటర్ చిటికెలో తెరుచుకుంటోంది. స్టూడియో మాత్రం మునుపటికన్నా ఆలస్యంగా తెరుచుకుంటోంది.