రంగసామిని పక్కకు తిప్పే మనిషి

మాజీ సైనికుల గృహసేవా పథకాన్ని ప్రారంభిస్తూ మంత్రిగారు చేసిన ప్రసంగం విన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. ‘‘సరిహద్దులో దేశాన్ని మోసినవాణ్ణి ఇంట్లో సర్కారు మోస్తుంది!’’ అన్నారు. మంచంపట్టిన ప్రతి మాజీ సైనికుడి ఇంటికీ ప్రభుత్వ ఖర్చుతో ఒక అటెండెంటు వస్తాడట. టీవీలో ఆ మాట విన్న వేదవల్లి నడుం పట్టుకుని లేచి సౌండు పెంచింది.

ఆమె భర్త రంగసామి పటాలంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. ఎనిమిదేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కినత్తుకడవు దగ్గర కొబ్బరితోపులో వాళ్ల ఇల్లు. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పాలి, లేకపోతే వీపంతా పుండ్లు పడుతుంది. ఆయన తొంభై కిలోల మనిషి. ఆమెకు అరవై రెండేళ్లు. పోయిన నెల తిప్పబోతే ఆయన మంచం మీంచి జారిపోయాడు. కాయలు దింపే ఆండి వచ్చేదాకా మొగుడూ పెళ్లాలిద్దరూ నేలమీదే కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆమెకు భయం పట్టుకుంది. అవతలివైపు పట్టుకునే మనిషి ఒకరుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

అర్జీ పెట్టింది. కోయంబత్తూరు నుంచి ఆఫీసరు నవనీతకృష్ణన్‌గారు స్వయంగా విచారణకు వచ్చారు. ఎంత నిక్కచ్చి మనిషంటే, చెప్పులు విప్పకముందే ఫైలు విప్పారు.

‘‘ఇంట్లో భార్య మాత్రమే ఉంటే పరవాలేదమ్మా, ఎలిజిబుల్. రక్తసంబంధం వాళ్లు ఉండకూడదు. ఉంటే వాళ్లే చూసుకోవాలని రూలు.’’

‘‘ఎవురూ లేరు సార్. నేనొకతే.’’

‘‘సరి. పెండ్లికి ముందు ఆయన మీకేం కావాల?’’

‘‘మామ. మా అమ్మ కూడబుట్టిన తమ్ముడు.’’

నవనీతకృష్ణన్‌గారి పెన్ను ఆగిపోయింది.

‘‘అట్లంటే మీరు మేనకోడలు. రక్తసంబంధం.’’

‘‘పెండ్లాన్ని గదా సార్!’’

‘‘ఆమా, అదీ నిజమే. భార్య వేదవల్లికి హెల్ప్ కావాల, ఒప్పుకుంటాను. కానీ మేనకోడలు వేదవల్లి ఇంట్లో ఉండగా ఎట్ల శాంక్షన్ చేసేది?’’

ఆయన కూడా అక్క కూతుర్నే చేసుకున్నారు. అయినా సొంత సంసారాన్ని ఫైల్లోకి రానివ్వని నిష్ఠ ఆయనది.

‘‘ఈ రూలు పెండ్లినాడే చెప్పుంటే వేరే పిల్లను చూసుకుందును సార్’’ అన్నాడు మంచం మీంచి రంగసామి. మాట నత్తినత్తిగా వచ్చినా నవ్వు మాత్రం బాగానే వచ్చింది. ఆఫీసరుగారు నవ్వలేదు. ‘లబ్ధిదారు పశ్చాత్తాపం వ్యక్తం చేశారు’ అని రాసుకున్నారు.

అంతమాత్రాన ప్రభుత్వం చేతులు దులుపుకోలేదు. వారం తిరక్కుండా, రోగిని చూసి రిపోర్టు రాయమని డాక్టరు సరణ్యను పంపింది. డాక్టరమ్మ, జీపు డ్రైవరు, ఆండి ముగ్గురూ పట్టి రంగసామిని తిప్పారు. వీపు చూసి ఆ పిల్ల నోరు తెరిచింది.

‘‘ఎనిమిదేండ్లలో ఒక్క పుండు లేదే! పెద్దాస్పత్రిలో కూడా ఇంత బాగా చూడరు, ఆంటీ.’’

తన చాకిరీని ఒక మనిషి కళ్లారా చూసి మెచ్చుకోవడం అదే మొదలు. వేదవల్లికి ఏడుపు ఆగలేదు. పాపం, ఆ మెచ్చుకోలే తన కొంప ముంచుతుందని ఆమెకేం తెలుసు.

రిపోర్టు అందగానే ఆఫీసులో పండగైంది. పథకం మొదలై ఆరు నెలలైనా రాష్ట్రం మొత్తమ్మీద ఒక్క అటెండెంటూ దొరకలేదు. ఎంతమందిని వేశారని మంత్రిగారు ప్రతి సోమవారం అడుగుతున్నారు. ప్రతి సోమవారం నవనీతకృష్ణన్‌గారు సున్నాను ఒకే గౌరవంతో విన్నవిస్తున్నారు.

పై నెల కోయంబత్తూరు సభలో వేదవల్లికి ‘ఉత్తమ సేవకురాలు’ శాలువా కప్పారు. ఆ పూట రంగసామి దగ్గర ఆండి కూర్చున్నాడు.

‘‘ఐయా, శాలువా ఎందుకు, ఒక మనిషిని పంపించండి’’ అని ఆమె మంత్రిగారి చెవిలో వేసింది.

‘‘తప్పకుండా పంపిస్తాం!’’ అన్నారాయన కెమెరాతో.

పంపించారు కూడా. నాలుగో రోజు నవనీతకృష్ణన్‌గారు మైసూర్‌పాకుతో, ఆర్డరుతో దిగారు. వేదవల్లి చేతులు తుడుచుకుని, దేవుడికి ఒక దండం పెట్టుకుని, కాగితం అందుకుంది. పథకంలో మొదటి అటెండెంటుగా శ్రీమతి వేదవల్లి నియామకం. డ్యూటీ: మేలూరులో మంచంపట్టిన మాజీ సైనికుడు వసంతకుమార్ ఇల్లు. అక్కడే ఉండాలి. వారంలో చేరాలి.

‘‘మేలూరా? మదురై దాటి పోవాల గదా సార్!’’

‘‘అందుకే వేసినాము. ఆయన మీకు ఏ విధంగానూ చుట్టం కాడు. రూలు ప్రకారం క్లీన్.’’

‘‘మరి మామను ఎవురు తిప్పేది?’’

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ఆఫీసరుగారి మొహం వెలిగింది. సంచిలోంచి కొత్త ఫారం తీశారు.

‘‘అదేనమ్మా సంతోషం! మీరు మేలూరులో జాయిన్ అయిన నిమిషం నుంచి ఈ ఇంట్లో రక్తసంబంధం వాళ్లు లేరు. మీ ఆయన ఫుల్లుగా ఎలిజిబుల్. ఇక్కడ ఒక సంతకం పెట్టండి. నెక్స్ట్ శాంక్షన్ ఆయనకే.’’

వేదవల్లి మంచం వైపు చూసింది. రంగసామి ఈసారి నవ్వలేదు. ఆమె పెన్ను అందుకుని, మళ్లీ ఫారం మీదే పెట్టేసింది.

‘‘సంతకం పెడితే ఎవుర్ని పంపిస్తారు సార్?’’

నవనీతకృష్ణన్‌గారు లిస్టు తీసి మర్యాదగా ఆమె ముందు పెట్టారు. అందులో ఒకటే పేరుంది.

‘‘ఉన్నది మీరొకరే కదమ్మా. మిమ్మల్ని మేలూరుకు వేసేసినామే!’’