కింది రూములో స్విట్జర్లాండ్

ముందుగా మన్నించాలి. నా రాతలో ఒత్తులు అక్కడక్కడ జారిపోతుంటాయి. మా ఆయన జానయ్య పోయాక, యాభై దాటిన వయసులో, చర్చి పక్కన సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. మీరేమో చాయ్ చల్లారేలోపు చదివేస్తారు. ఈ అన్యాయాన్ని పక్కన పెట్టి అసలు మాటకు వస్తాను.

మనుషులకు ఇళ్లు కట్టడం శుద్ధ దండుగ!

కడితే గుప్పిట్లో పట్టే ఇళ్లు కట్టాలి. వాటి చుట్టూ ఒక చిన్న రైలు తిరగాలి. ప్రతి కుటుంబమూ ఒక మంచి రూము ఖాళీ చేసి ఈ పనికి ఇవ్వాలి. ఆ రూములో ముసలివాళ్లెవరైనా ఉంటే వాళ్లను మేడ మీదికి పంపాలి.

ఇది నేను ఊరికే అనడం లేదు. మా ఇంట్లో అమలు చేసి చూశాం. నా కొడుకు సాల్మన్ కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. ఫోనులో ఎవరో బొమ్మ రైలు నడిపిస్తుంటే చూశాడు. అంతే! కింది రూములో నా మంచం ఉన్నచోట ఇప్పుడు పెద్ద ప్లైవుడ్ బల్ల ఉంది. దాని మీద పట్టాలు, కొండలు, ఒక స్టేషను, స్విట్జర్లాండ్ ఊరు ఒకటి. నా మంచం మేడ మీది రూముకు వెళ్లింది. మంచం వెంట నేనూ వెళ్లాను.

ఆ రూముకు మెట్లు బయటి నుంచి. మెట్లకు ఒకవైపు నున్నటి గోడ, రెండోవైపు గాలి. రెయిలింగు లేదు. నా మోకాళ్లకేమో చెప్పిన మాట వినే అలవాటు లేదు. అడుగడుగునా దేవుణ్ణి తలుచుకునే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి? ఆదివారం చర్చిలో కూడా నేనంత భక్తిగా ఉండను.

రెయిలింగు ఎందుకు పెట్టలేదని మీరు అడగొచ్చు. మా ఇంటి కప్పు మీద నాలుగు మూలలా ఇనుప సలాకలు ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. మా నల్లగొండలో ఏ వీధిలో తలెత్తి చూసినా ఇదే కనిపిస్తుంది. ఎప్పటికైనా పైన ఇంకో అంతస్తు వేస్తాం కదా! అప్పుడు మెట్లు కూడా పైకి పెరుగుతాయి. ఇప్పుడే రెయిలింగు పెడితే అప్పుడు పీకాల్సి వస్తుంది. నా కొడుకుది అంత ముందుచూపు. ఆ సలాకలకు తుప్పు పట్టింది గానీ ముందుచూపుకు పట్టలేదు.

సరే, చిన్న ఇళ్ల గొప్పతనం చెబుతాను.

ఆ ఇల్లు పార్శిల్‌లో వస్తుంది. అట్టపెట్టె మీద పెంకుల కప్పు, కిటికీలో పూలకుండీలు, ముద్దొచ్చే ఇంటి బొమ్మ. పెట్టె తెరిస్తే ఇల్లుండదు. గోడలు, తలుపులు, కిటికీలు అన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్కటి కోసి, గీకి, గమ్ము రాసి, ఊపిరి బిగబట్టి అతికించాలి. నేను వయసులో ఉన్నప్పుడు మేస్త్రీల కింద తట్టలు మోశాను. ఎన్ని ఇళ్లకు మోశానో! అడ్వాన్సు తీసుకుని మాయమయ్యే మేస్త్రీ ఈ చిన్న ఇళ్లకు ఉండడు. ఇసుక లారీ రాదు. గోడ మా జాగాలోకి జరిగిందని పక్కింటివాళ్లు కొట్లాటకు రారు. ఒకవేళ వచ్చినా, ఇల్లు ఎత్తి ఇంకోచోట పెట్టుకోవచ్చు! బోరు ఎండిపోదు. కిరాయికున్నవాళ్లు కరెంటు బిల్లు దగ్గర పేచీ పెట్టరు. ఇంతకంటే ఏం కావాలి?

ఇక ఆ ఇళ్ల కప్పుల మీద మంచు! మా ఊళ్లో ఏప్రిల్‌లో చెప్పు లేకుండా కాలు బయట పెట్టలేం. కింది రూములో మాత్రం ఏడాది పొడుగునా మంచే. ఆ మంచుకు ఎండ తగిలి రంగు పోకుండా కిటికీకి మందపాటి కర్టెన్, గమ్ము వేడికి మెత్తబడకుండా ఒక కూలర్. మేడ మీద నాకు ఫ్యాను ఉంది. అది తిరుగుతుంది కూడా.

నేనూ ఒకసారి ఈ నిర్మాణంలో చెయ్యి వేశాను. సాల్మన్ ఆఫీసుకు పోయినప్పుడు కొత్తగా అతికించిన ఇల్లు చూస్తే జాలేసింది. పైన ట్యాంకు కోసం దిమ్మె కట్టారు గానీ ట్యాంకు లేదు. దగ్గు మందు సీసా నల్ల మూత తెచ్చి దాని మీద అతికించాను. కప్పుకు నాలుగు మూలలా చీపురు పుల్లలు గుచ్చాను.

సాయంత్రం వాడి కేక మేడ మీదికి వినిపించింది.

"ఓ అమ్మా! గివేంది? ఇంటి మీద చీపురు పుల్లలు ఎవరు గుచ్చిండ్రు?"

"నేనే బిడ్డా. సలాకలు లేకపోతే రేపు ఇంకో అంతస్తు ఎట్ల వేసుకుంటరు వాళ్లు?"

"గది స్విట్జర్లాండ్ ఇల్లే అమ్మా! గాడ గట్ల ఉండది. మరి గీ మూత ఏంది?"

"ట్యాంకు. నీళ్లు లేకుండ ఎట్ల బతుకుతరు?"

"గది ట్యాంకు దిమ్మె కాదు, పొగగొట్టం! నువ్వు మూత పెట్టినవ్. పొగ యాడికి పోవాలె?"

మా కోడలు గ్లోరీ నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. "ఊకోండ్రి, గంత కోపం ఎందుకు? మూత పీకకుండ్రి, రేపు అత్తమ్మ నల్లా కనెక్షన్ గూడ ఇప్పిస్తది," అంది.

ఆ తర్వాత నన్ను నిర్మాణ పనుల నుంచి తప్పించారు.

ఆ ఊళ్లో అన్నిటికంటే గొప్పది స్టేషనులోని వంతెన. ప్లాట్‌ఫారం నుంచి ప్లాట్‌ఫారానికి దాటే మెట్ల వంతెన. దానికి రెండువైపులా రెయిలింగు! వెంట్రుకంత కడ్డీలు. సాల్మన్ చిన్న పట్టకారుతో ఒక్కో కడ్డీ నిలబెట్టాడు. ఎవరైనా తుమ్మితే కూలిపోతుందని, అది ఆరేదాకా మా ఇంట్లో ఎండు మిరపకాయ పోపు బంద్. చప్పటి పప్పు తిన్నాం. ఊరి అభివృద్ధి కోసం ఆ మాత్రం త్యాగం చేయలేమా?

"గింత వంతెనకు గంత రెయిలింగు ఎందుకురా?" అని అడిగాను.

వాడు తల ఎత్తకుండానే అన్నాడు. "పట్టుకోనీకి ఏం లేకపోతే మనుషులు పడరా అమ్మా?"

ఆ మనుషులు చిటికెన వేలి గోరంత ఉంటారు. అందులో ఒక ముసలామె ఉంది, చేతిలో బుట్ట. ఆమెను మెట్ల మీద నిలబెట్టే ముందు సాల్మన్ రెయిలింగును వేలితో మెల్లగా నొక్కి చూసుకున్నాడు. నా కొడుకు మనసు ఎంత మంచిది! నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంత గమ్ము ఘాటుకు కూడా తిరిగి ఉంటాయి.

ఇలా ఉండగా ఒక ఆదివారం హైదరాబాదు నుంచి కృష్ణకాంత్ అని సాల్మన్ దోస్తు వచ్చాడు. ఇదే పిచ్చి ఉన్నవాడు. వాళ్లు బయట మెట్ల దగ్గర నిలబడి చాయ్ తాగుతున్నారు. గ్లోరీ నన్నూ రమ్మని పిలిచింది. నేను ఎప్పుడూ దిగేటట్టే దిగాను. అంటే మెట్టు మీద కూర్చుని, కింది మెట్టు మీదికి జరిగి, మళ్లీ కింది మెట్టు మీదికి జరిగి.

"పెద్దమ్మా, గట్లెందుకు కూసోని దిగుతున్నవ్?" అన్నాడు కృష్ణకాంత్.

"నిలబడితే పట్టుకోనీకి ఏం లేదు బిడ్డా. కూసుంటే పడనీకి జాగా లేదు."

ఆయన మెట్లను చూశాడు, సాల్మన్‌ను చూశాడు. "ఏంది భాయ్, లోపల బొమ్మలకు గంత మంచి రెయిలింగు పెట్టినవ్. గీడ మర్సిపోయినవా?"

సాల్మన్ చాయ్ గ్లాసులోకి చూస్తూ "పెడత, పెడత" అన్నాడు.

మరునాడు పొద్దున్నే టేపు పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు! ఎత్తు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. గోడకు ఫోటోలు తీశాడు. మా పక్కింటి పుల్లమ్మ గోడ మీదుగా చూసి, "బిక్షమ్మక్కా, నీ మొర ఇన్నడే నీ కొడుకు! ఇగ ఫికర్ లేదు," అంది. నేను ఆ రోజు మెట్టు మెట్టుకూ స్తోత్రం చెప్పుకున్నాను.

వెల్డింగ్ అతను వస్తాడని ఎదురు చూశాను. అతను రాలేదు. పార్శిల్ వచ్చింది. చిన్నది.

కొన్నాళ్లకు కింది నుంచి సాల్మన్ పిలిచాడు. "అమ్మా! దిగి రా జర! నీకొక సర్‌ప్రైజ్!"

కూర్చుని దిగాను.

బల్ల మీద, స్విట్జర్లాండ్ కొండ పక్కన, మా ఇల్లు! అదే నీలం రంగు, అదే నల్ల ట్యాంకు, తీగ మీద ఆరేసిన నా చీర. కప్పు మీద నాలుగు మూలలా సలాకలు. బయటి మెట్లు. ఆ మెట్లకు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆకుపచ్చ రెయిలింగు! సలాకలూ రెయిలింగూ రెండూ ఒకే ఇంటికి ఉండవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"పై మెట్టు మీద చూడుండ్రి అత్తమ్మా, మీరే!" అంది గ్లోరీ. తెల్ల జుట్టు, ఎర్ర చీర. నిజమే, నేనే. నిలబడి ఉన్నాను.

"ఎట్లున్నది అమ్మా?" సాల్మన్ ముఖం వెలిగిపోతోంది.

"మస్తుగున్నది బిడ్డా. రంగు గూడ మంచిగ పడ్డది."

కాబట్టి పాఠకులారా, బిక్షమ్మ ఇంటి మెట్లకు రెయిలింగు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది. గట్టిగానే ఉంది, నేను వేలితో నొక్కి చూశాను. దాన్ని పట్టుకుని దిగేంత చిన్నగా నేను అవ్వడం ఒక్కటే మిగిలింది. ఆ పని కూడా ఆగలేదు లెండి. పాత జాకెట్లన్నీ వదులవుతున్నాయి.

బిక్షమ్మ,
అరవై ఎనిమిదేళ్లు,
మేడ మీది రూము, నల్లగొండ.