పద్దెనిమిది గుంజలు

ఆ రోజు పొద్దున ఏ పనీ చేయకూడదని పెద్దరాములు గట్టిగా నిర్ణయించుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల జీవితంలో అలాంటి నిర్ణయం తీసుకోవడం అదే మొదటిసారి. అందువల్ల దాన్ని అమలు చేయడం ఎలాగో ఆయనకు బొత్తిగా తెలియలేదు.

అలవాటు ప్రకారం నాలుగింటికే మెలకువ వచ్చింది. పటేల్‌గూడలో అయితే ఈపాటికి మోటారు వేసి, డ్రమ్ములు నింపి, చెట్లకు నీళ్లు పోసి, కంపెనీ బస్సు వచ్చేలోగా పక్కింటివాళ్ల గేటు కూడా బాగుచేసి ఉండేవాడు. ఈ ద్వీపంలో, ఈ రిసార్టులో నింపడానికి ఒక్క డ్రమ్ము లేదు. దుప్పటైనా మడత పెడదామంటే, నలుగురు పట్టే ఆ మంచం మీద భార్య ఆగమ్మ దాన్ని చుట్టుకుని అడ్డంగా నిద్రపోతోంది. అద్దాల తలుపు అవతల సముద్రం ఒకటే తన పని తాను చేసుకుపోతోంది. దాన్ని చూస్తే ఆయనకు కాస్త అసూయ కలిగింది.

పెద్దరాములు ఇక్కడికి రావడం వెనుక ఒక తెలివైన బుర్ర ఉంది. పటాన్‌చెరులో పైపులకు బిగించే వాల్వులు చేసే కంపెనీలో ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా హెల్పరు. ఇంకో రెండు నెలల్లో రిటైరు. ఇన్నేళ్లలో వేలి మీద చిన్న గీత కూడా పడలేదు కాబట్టి ‘ప్రమాదం లేని కార్మికుడు’ అని కంపెనీ ఆయనకు భార్యతో సహా విహారయాత్రను బహుమతిగా ప్రకటించింది. సరిగ్గా అప్పుడే యజమాని శ్రీకర్, జర్మనీ నుంచి హోల్గర్ అనే కొనుగోలుదారుడిని గోల్ఫ్ ఆటకని ఈ ద్వీపానికి పిలిచాడు. కార్మికులు క్షేమంగా ఉన్నారా అని మాటిమాటికీ అడిగే ఆ పెద్దమనిషికి, క్షేమంగా ఉన్న ఒక కార్మికుడిని చూపించాలి. ఈ రెండు పనులనూ ఒకే ప్రయాణంలో కలిపినవాడు హెచ్‌ఆర్ మేనేజర్ విఘ్నేశ్వర్. సంగారెడ్డి బజారులో మూడు తరాలుగా కిరాణా దుకాణం నడిపిన ఇంట్లో పుట్టినవాడు, ఏదీ వృథా పోనివ్వడు.

ముందురోజు సాయంత్రం విఘ్నేశ్వర్ గదికి వచ్చి మరీ చెప్పాడు.

"రాములన్నా, పొద్దుగాల తొమ్మిదింటికి ఆట. దానికి ముందు హెల్మెటు, నారింజ జాకెట్టు ఏసుకొని రా, హోల్గర్ సార్‌తోని ఒక ఫొటో దిగుదువు. అటెన్క గొడుగు కింద కూసొని కొబ్బరినీళ్లు తాగు. ఏ పని ముట్టకు. నీకు దండం పెడ్త."

"నేనేం ముడ్త సార్, నాకేమెరుక ఈడ."

"ఈ ఆర్డరొస్తె రెండో షిఫ్టు ఉంటది, మీ నవీన్‌కుమార్ పర్మినెంటయితడు. రాకుంటె దసరా లోపట్నే షిఫ్టు బంద్. ఆయనకు గోల్ఫంటె పానమట. ఆటల ఆయన గెలవాలె, ఖుషీగ సంతకం పెట్టాలె. సమజయిందా?"

సమజైంది. కొడుకు నవీన్‌కుమార్ రెండేళ్లుగా రెండో షిఫ్టులో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. కోడలు రవళికి ఏడో నెల. ఆ ఇంటి భవిష్యత్తు ఈ ఆట మీద ఉందని తెలిశాక పెద్దరాములు గదిలో కుర్చీని కూడా జరపకుండా పడుకున్నాడు.

తొమ్మిది కావడానికి ఇంకా ఐదు గంటల సమయముంది. ఆగలేకపోయాడు. ఫొటోకు తయారుగా ఉంటే పోలేదా అని హెల్మెటు, జాకెట్టు, కంపెనీ ఇచ్చిన బూట్లు వేసుకుని బయటికి వచ్చాడు. కొంప మునిగింది అక్కడే. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ హెల్మెటు నెత్తికెక్కిన ప్రతిసారీ ఆయన చేతులు పని వెతుక్కున్నాయి. వాటికి విహారయాత్ర సంగతి ఎవరు చెప్పారు?

సముద్రం పక్కనే ఎకరాలకు ఎకరాలు పచ్చగడ్డి పరుచుకుని ఉంది. ఇంత గడ్డి పెంచి ఒక్క బర్రెనైనా పెట్టుకోకపోవడం ఏం సంసారమో ఆయనకు అంతుపట్టలేదు. అంతలో మధ్యలో ఒక చిన్న జెండా కనిపించింది. దగ్గరికి వెళ్లి దాని గుంజను పట్టుకున్నాడు. అది అటూ ఇటూ ఊగింది. వంగి చూశాడు. గుంత వెడల్పు, గుంజ సన్నం, చుట్టూ అంతా ఖాళీ. ఎవరో గుంత తవ్వి, గుంజ నిలబెట్టి, పూడ్చకుండానే ఇంటికి పోయారు.

పెద్దరాములు మనసు చివుక్కుమంది. విఘ్నేశ్వర్ మాట గుర్తుచేసుకుని నాలుగు అడుగులు వెనక్కి నడిచాడు. గాలికి జెండా మళ్లీ ఊగింది. ఆ గుంజ ఎవరి నెత్తి మీదన్నా పడితే? పోయిపోయి ఆ జర్మనీ దొర మీదే పడితే? ప్రమాదం లేని కార్మికుడు ఉన్నచోటనే ప్రమాదం జరిగిందంటే ఆర్డరు ఉంటుందా? ఇది పని కాదు, భద్రత అని తనకు తాను నచ్చజెప్పుకుని తిరిగి గుంజ దగ్గరికి వచ్చాడు.

ఆ సమయానికే ఇసుక, కంకర, నీళ్ల డబ్బా, పార వేసుకుని ఒక చిన్న బ్యాటరీ బండి అటుగా వచ్చింది. నడుపుతున్నవాడు బీహారు నుంచి వచ్చి మూడు రోజులే అయిన కొత్త తోటమాలి. పాతవాళ్లందరూ సాయంత్రం జరగబోయే ఎవరిదో పెళ్లి కోసం ఒడ్డున పందిరి వేస్తున్నారు. హెల్మెటు చూడగానే అతను బండి దిగి నిటారుగా నిలబడ్డాడు.

"నమస్తే సాబ్. క్యా కర్నా హై?"

పెద్దరాములు పటాన్‌చెరులో బీహారువాళ్ల పక్కన పనిచేసి నేర్చుకున్న హిందీ అంతా బయటికి తీశాడు. "ఖంబా హిల్తా హై. టైట్ కర్నా."

గుంజ ఊగుతోంది, గట్టి చేయాలని చెప్పడానికి ఆ మాత్రం చాలు. ఒక వరస కంకర, దాని మీద ఇసుక, పైన నీళ్లు, పార కామతో దిమ్మిస. మళ్లీ కంకర, మళ్లీ ఇసుక, మళ్లీ దిమ్మిస. సిమెంటు దొరికితే ఇంకా బాగుండేదని పెద్దరాములు నొచ్చుకున్నాడు. చివరికి ఇద్దరూ కలిసి గుంజను ఊపి చూశారు. ఇసుమంతైనా కదల్లేదు. ద్వీపానికి వచ్చిన తర్వాత ఆయన ప్రాణం కుదుటపడింది అప్పుడే. తలెత్తి చూస్తే దూరంగా ఇంకో జెండా ఊగుతోంది. దాని అవతల మరొకటి.

ఆరింటికి దారిన పోయే కాపలావాడు హెల్మెటుకు సెల్యూట్ కొట్టి, తనూ ఒక తట్ట కంకర అందించి పోయాడు. ఎనిమిదిన్నరకల్లా పద్దెనిమిది గుంజలూ గట్టిపడ్డాయి. తోటమాలికి చెయ్యి కలిపి, పెద్దరాములు గదికి వచ్చేసరికి ఆగమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది.

"ఏడికి పోయినవయ్యా?"

"ఊకెనే, జెర తిరిగొచ్చిన."

"బూట్లకు గా మన్నేంది?"

"సముద్రం ఒడ్డు గదనే, ఇసుకుండదా?"

"గోర్లల్ల కంకర గూడ సముద్రందేనా?"

ఆయన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆగమ్మ నమ్మలేదు గానీ, సముద్రం పక్కన కూర్చునే రోజు జీవితంలో ఒకటి వచ్చింది కదా, దాన్ని పోట్లాటతో పాడుచేసుకోదలచుకోలేదు.

ఫొటో బాగా వచ్చింది. ఆట మొదలైంది. ఆరడుగుల హోల్గర్ ఐదు దెబ్బల్లో బంతిని జెండా దగ్గరికి చేర్చాడు. ఎలాగైనా ఓడిపోవలసిన శ్రీకర్ దానికోసం చాలా శ్రమపడి తొమ్మిది దెబ్బలు కొట్టాడు. ఇంక బంతిని గుంతలోకి నెట్టాలి. కర్రల సంచి మోసే మనిషి వచ్చి జెండా పీకబోయాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. రాలేదు. శ్రీకర్ చెయ్యి వేశాడు. విఘ్నేశ్వర్ పరుగున వచ్చి నడుం వంచాడు.

గొడుగు కింద పెద్దరాములు ముఖం వెలిగిపోయింది. కంపెనీలో ఏ వాల్వు బిగించినా ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చి లాగి, గుంజి చూస్తారు. ఇక్కడా పద్ధతి అదేనన్నమాట. పాడు చోటు కాదు.

"సూడు," అన్నాడు ఆగమ్మతో. "ముగ్గురు గుంజుతున్నరు. కదిలిందా?"

ఆగమ్మ గుంజ వంకా, మొగుడి గోళ్ల వంకా మార్చి మార్చి చూసింది. ఆమె నోరు తెరిచేలోపే విఘ్నేశ్వర్ చేతిలోకి జెండా గుడ్డ ఒకటే ఊడివచ్చింది. దానితో పాటు అతను వెల్లకిలా గడ్డి మీద పడ్డాడు.

"పూరా తాకత్ పెట్టుండ్రి సార్," అని పెద్దరాములు ధైర్యం చెప్పాడు. "ఏం గాదు. నేనే పెట్టిన."

శ్రీకర్ గుంజను వదిలేసి ఆయన వైపు తిరిగాడు. రిసార్టు మేనేజరమ్మ వైర్‌లెస్ సెట్టు పట్టుకుని వచ్చింది. మిగతా జెండాల దగ్గర నుంచి కూడా అదే కబురు. ఆమె వెనకాలే వచ్చిన బీహారు తోటమాలి పెద్దరాములును చూపించి, "సూపర్‌వైజర్ సాబ్" అని భక్తిగా చెప్పాడు.

విఘ్నేశ్వర్ గడ్డి మీద నుంచి లేవకుండానే అడిగాడు. "ఎన్ని పెట్టినవ్?"

"పద్దెనిమిది సార్. ఒక్కటి ఇడిసిపెట్టలె."

"ఆ గుంతల్ల బాల్ పడాలెనయ్యా. ఆ గుంతల కోసమే ఈ ఆటంతా. గుంజను తీసి పక్కకు పెట్టి ఆడ్తరు. ఇప్పుడు గుంత లేదు, ఆట లేదు, ఆర్డరు లేదు, మీ కొడుకు షిఫ్టు లేదు."

పెద్దరాములు హెల్మెటు తీసి చంకలో పెట్టుకున్నాడు. కన్నకొడుకు ఉద్యోగాన్ని తన చేత్తోనే కంకర వేసి, నీళ్లు పోసి, దిమ్మిస కొట్టి మరీ పూడ్చేశానని ఆయనకు అప్పుడు అర్థమైంది. ముప్పై ఒక్క ఏళ్లలో జరగని ప్రమాదం ఈరోజు జరిగింది. వంగి బూట్లకంటిన మన్ను గోళ్లతో గీకసాగాడు.

ఆగమ్మ కొబ్బరిబోండం పక్కన పెట్టి వచ్చి ఆయన ముందు నిలబడింది. "సార్, మా ఆయన తప్పేం లేదు. ఆయనకు కూసునుడు రాదు. సిన్నప్పటి సంది ఎవ్వలు నేర్పియ్యలె. తిట్టేదుంటె నన్ను తిట్టుండ్రి, నేను లేసి కావలి కాయకపోతి."

ఈలోగా హోల్గర్ ఎవరినీ పట్టించుకోకుండా గుంజ దగ్గరికి నడిచాడు. చొక్కా చేతులు మడిచి, రెండు చేతులతో పట్టుకుని లాగాడు. ముఖం ఎర్రబడింది. ఇంకోసారి లాగి, తనూ విఘ్నేశ్వర్ పక్కనే కూలబడ్డాడు. కాసేపు గుంజ వంక చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగాక మేనేజరమ్మను ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తాడు.

"ఏమంటున్నడు?" అని విఘ్నేశ్వర్ భయంగా అడిగాడు.

శ్రీకర్ నమ్మలేనట్టుగా చెప్పాడు. "ఇయ్యాల ఇగ ఆట కానట్టేనా అని అడిగిండు. కానట్టే అన్నది. దేవునికి మొక్కుతుండు."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఇరవై ఏళ్ల కిందట హోల్గర్ మర్యాద కోసం ఎవరితోనో గోల్ఫ్ మంచి ఆటే అన్నాడట. ఆ మాట కంపెనీ నుంచి కంపెనీకి పాకింది. నాటి నుంచి ఏ దేశం వెళ్లినా ఎండలో నాలుగు గంటలు నడిపించి, గడ్డిలో బంతి వెతికిస్తున్నారట. మోకాళ్లు అరిగిపోయాయి. ఆ ఆటంటేనే ఆయనకు కంపరం.

శ్రీకర్ తన చేతిలోని కర్రను మెల్లగా గడ్డి మీద పడేశాడు. "నాక్కూడ అంతే. మూడు నెలల సంది పొద్దుగాల ఐదింటికి లేసి ఓడిపోవుడు నేర్చుకుంటున్న."

అందరూ విఘ్నేశ్వర్ వంక చూశారు. అతను జెండా గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

ఆట లేదు, మధ్యాహ్నం భోజనానికి ఇంకా చాలా సమయముంది. గొడుగు కింద కూర్చుని కాగితాలు చూడటం తప్ప ఎవరికీ వేరే దారి లేకపోయింది. హోల్గర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి సంతకం పెట్టాడు. పెడుతూ పెడుతూ కింద సొంత చేత్తో ఒక షరతు రాశాడు. జర్మనీకి పంపే ప్రతి పెట్టెలోని వాల్వులనూ చివరిసారి లాగి చూడవలసింది పెద్దరాములే. ఆర్డరు మూడేళ్లది కాబట్టి, రెండు నెలల్లో రావలసిన రిటైర్మెంటు కూడా మూడేళ్లు వాయిదా పడింది. ఆగమ్మ ఆ మాట విని, ఇక ఈ మనిషిని కూర్చోబెట్టడం దేవుడి వల్ల కూడా కాదని ఆశ వదులుకుని ఇంకో కొబ్బరిబోండం తెప్పించుకుంది.

పెద్దరాములు కొడుక్కి ఫోను చేశాడు. "బిడ్డా, షిఫ్టు ఉంటదట. నువ్వు పర్మినెంటట. రవళికి చెప్పు."

"నిజమా? నువ్వేం జేసినవ్ బాపూ?"

"నేనేం జెయ్యలె. ఊకెనే కూసున్న."

మిగిలిన రెండు రోజులూ ఆయన గడ్డపార పట్టుకుని, బీహారు తోటమాలిని వెంటబెట్టుకుని, పాతిన గుంజలన్నీ తనే పీకాడు. అంత హాయిగా ఆయన ఎన్నడూ గడపలేదు. ఆగమ్మ ఒడ్డున కుర్చీలో కాళ్లు చాపుకుని, ఎన్నోది వచ్చిందో అక్కడి నుంచే అడుగుతూ కూర్చుంది.

మరుసటి ఏడాది ప్రమాదం లేని కార్మికుడికి కంపెనీ ప్రెషర్ కుక్కర్ ఇచ్చింది.