పొడిగాలిలో గ్రామసభ

పొడిగాలి వీస్తే ఆకుల మీది సన్న నోళ్లు మూసుకుని నీటిని దాచుకునే టమాటా మొక్కది భయమా, తెలివా అన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది. ఆ గుణాన్ని మా ఊరి మనుషులకు అంటుకట్టిన వేసవిలోనూ అది తీరలేదు.

మండలాఫీసు వాళ్లొచ్చి అంటుకట్టింది పంచాయతీ ఆఫీసులోనే. అడవి టమాటా వంశంలో తరాలుగా వస్తున్న గుణం కాబట్టి మనుషులకూ నిలుస్తుందన్నారు. మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి, నారుకు పెట్టే క్లిప్పే పెట్టి, తడిగోనె కింద నీడలో కూర్చోబెట్టారు. దప్పిక తగ్గింది. గాలి ఎండితే నోరు మూసుకుపోయేది, అంతే. దేవుడి పాటలూ పోట్లాటలూ తెల్లారి మంచులోనే ముగించుకునేవాళ్లం. మూసిన నోట్లోకి ముద్ద కూడా పోదు కాబట్టి అందరం కాస్త చిక్కాం. తోటలో కాయ కూడా సన్నబడింది.

ముసలి మస్తాన్‌బీకి మాత్రం అంటు నిలవలేదు. మంచం మీదున్న ఆమెకు ట్యాంకరు నీళ్లే ఆధారం. ఆమె తరఫున మాట్లాడతానని పక్కింటి చెంగమ్మ ఒప్పుకుంది. చెంగమ్మ కాన్పు నాడు ఊరంతా నీళ్లు లేకపోతే, మస్తాన్‌బీ తన ఇంట్లో ఉన్న ఒక్క బిందె నీళ్లూ తెచ్చిచ్చింది.

గ్రామసభ మిట్టమధ్యాహ్నం పెట్టారు.

"ట్యాంకరు ఆపేస్తా ఉండాం. ఎవరికన్నా ఇబ్బందా?" అన్నాడు మండలాఫీసు సారు.

ఎవరి నోరూ తెరుచుకోలేదు. చెంగమ్మ తడిగుడ్డ ముఖానికి అదుముకుంది.

"మస్తాన్‌బీకి అంటు నిలబడలేదు సార్. ఆయమ్మకి ఇంకా దప్పికైతా ఉంది."

"తడిగుడ్డ పెట్టుకుని చెప్పేది లెక్కలోకి రాదమ్మా. అందరి మాదిరి మామూలు గాలిలో చెప్పు."

సారు చెప్పిందీ న్యాయమే అనిపించింది. చెంగమ్మ గుడ్డ తీసింది. నోరు మూసుకుపోయింది. ఆయన కాసేపు మర్యాదగా ఎదురుచూసి, అభ్యంతరాలు లేవని రాసుకుని, చెట్టు నీడలో ఉన్న జీపెక్కాడు.

సాయంత్రం చెంగమ్మ తన ఇంట్లో మిగిలిన బిందె నీళ్లు మస్తాన్‌బీకి మోసుకెళ్లింది.

"ఏం మే, నీ కాన్పుకిచ్చిన బిందేనా? ఇన్నాళ్లకా గ్యాపకమొచ్చింది!" అని నవ్వింది మస్తాన్‌బీ.

కుండలో పోస్తుంటే లేచిన చెమ్మకు చెంగమ్మ నోరు తెరుచుకుంది. అప్పటికి అడిగేవాళ్లు లేరు.

"సరిపోయింది కదక్కా," అంది.