శనివారం జల్లులు, పద్నాలుగు డిగ్రీలు

గురువారం ఉదయం గ్లెనిస్ పెట్టుకున్న పనులు మూడే. మేజాగుడ్డలు ఇస్త్రీ చేయాలి, కేకు మీద చక్కెర పూత వేయాలి, ఎల్లుండి జరగబోయే కూతురి పెళ్ళి గురించి భయపడకుండా ఉండాలి. మొదటి గుడ్డ సగం కాకముందే మూడో పని చెడిపోయింది. కిటికీలో రేడియో చెబుతోంది: "శనివారం మిడ్‌లాండ్స్ ప్రాంతమంతటా జల్లులు. నైరుతి చలిగాలి. ఉష్ణోగ్రత ఇరవై తొమ్మిది నుంచి పద్నాలుగు డిగ్రీలకు దిగవచ్చు. గొర్రెల పెంపకందారులకు హెచ్చరిక..."

ఇస్త్రీపెట్టె కింద గుడ్డ కమిలింది.

పెళ్ళి మధ్యాహ్నం రెండింటికి, ఏటి ఒడ్డు పచ్చికలో. జల్లులంటే ఊరందరికీ జల్లులే. గ్లెనిస్‌కి మాత్రం ఏరు పొంగి, ఎనభైమంది చుట్టాలు కూర్చున్న కుర్చీలతో సహా సముద్రం వైపు సాగిపోవడం. పద్నాలుగు డిగ్రీలంటే ఆడపడుచు హెస్టర్‌కి న్యుమోనియా. పోనీ ఎవరితోనైనా చెప్పుకుందామా అంటే, కూతురు బ్రోన్విన్ కిందటి వారమే తెగేసి చెప్పింది.

"అమ్మా, వాన మాట ఇంకోసారెత్తావా, అక్కడ ఒక్క కుర్చీ కదిపావా, నేనూ రోరీ హోబార్ట్ పట్నం పోయి రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టేస్తాం. దారినపోయే ఇద్దర్ని సాక్షులుగా పిలుచుకుంటాం. నీకు ఫోటో పంపిస్తాలే."

అది అన్నంత పనీ చేసే పిల్ల. ఎనిమిదో ఏట ఇక క్యారెట్ తిననంది. ముప్ఫై దాటినా తినలేదు.

గ్లెనిస్ అందుకే నోరు కుట్టేసుకుంది. చేతులు కుట్టేసుకోలేదు. తమ గొర్రెలకు ఏడాది ఉన్ని కత్తిరింపు బుధవారంతో అయిపోయింది, అది చేసే షెడ్డు ఖాళీగా ఉంది. శుక్రవారం బ్రోన్విన్ స్నేహితురాలింటికి వెళ్ళగానే, ఊరి హాలు నుంచి వచ్చిన కుర్చీల బండిని గేటు దగ్గరే ఆపి షెడ్డుకు మళ్ళించింది. నేల రెండుసార్లు కడిగింది. నలభై ఏళ్ళ గొర్రె వాసన మీద రెండు సీసాల లావెండర్ చల్లింది. వాసన తగ్గలేదు గానీ, గొర్రెలు స్నానానికి వెళ్ళొచ్చినట్టయింది. ఎనభై కుర్చీలు, తెల్లగుడ్డలు, కిటికీలకు రిబ్బన్లు. రాత్రి భోజనం దగ్గర భర్త నెవిల్‌తో వాన గురించి గానీ కుర్చీల గురించి గానీ ఒక్క మాటనలేదు. నెవిల్ కూడా ఒక్క మాటనలేదు. ఎంత నిశ్చింత మనిషో అని ఆమె మనసులోనే విసుక్కుంది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పూలబుట్టతో షెడ్డు తలుపు తీసింది.

లోపల రెండువందల బోడి గొర్రెలు నిలబడి ఉన్నాయి. మూడు రోజుల కిందే ఉన్ని పోగొట్టుకుని, గులాబీ రంగు చర్మంతో, పెళ్ళికి కాస్త ముందే వచ్చేసిన చుట్టాల్లా ఇబ్బందిగా చూశాయి. ఒకటి రిబ్బన్ నములుతోంది. ఒకటి ముందు వరసలో హెస్టర్‌కని ఉంచిన కుర్చీ ఎక్కింది.

"ఓరి దేవుడా! దిగవే! అది హెస్టర్‌ది!"

కూతురు ఏ నిమిషంలోనైనా వచ్చేస్తుంది. గ్లెనిస్‌కి కళ్ళ ముందు రిజిస్ట్రారు కనిపించాడు, దారినపోయే ఇద్దరూ కనిపించారు. ఇంకేమీ ఆలోచించలేదు. పెద్ద తలుపు బార్లా తెరిచి పూలబుట్టతో అదిలించింది. గొర్రెలు మందగా గేటు దాటి రోడ్డెక్కాయి.

సరిగ్గా అప్పుడే మొదటి జల్లు పడింది. సరిగ్గా అప్పుడే చుట్టాల కార్లు మలుపు తిరిగాయి. అన్నిటికంటే ముందు నెవిల్ కారు, పక్క సీట్లో విమానాశ్రయం నుంచి తెస్తున్న హెస్టర్.

నెవిల్ కారు దిగి అరిచాడు. "ఎవరు వదిలారు వీటిని? ఒంటి మీద పోచ ఉన్ని లేదు, ఈ గాలికి తెల్లారేలోగా సగం చస్తాయి! రేడియో మొత్తుకుంటూనే ఉందిగా! పక్కింటి ట్రెవర్‌తో చెప్పి పొద్దున్నే షెడ్డులోకి ఎక్కించాను!"

"ట్రెవర్ కుర్చీలు చూడలేదా?"

"వాడు వెనక కింది తలుపు తీసి, లోపలికి చూడకుండానే కుక్కను ఉసిగొల్పి ఇంటికి పోయాడు. ఏం కుర్చీలు?"

గ్లెనిస్ ఆ ప్రశ్న దాటేసింది. "నీకు వాన సంగతి తెలుసా?"

"బుధవారం నుంచీ తెలుసు."

"మరి నాతో చెప్పవేం?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా?"

వెనక కారులోంచి బ్రోన్విన్ దిగింది. పెళ్ళిగౌను, దాని కింద రబ్బరు బూట్లు. ఆమె వెనకే ఒక్కొక్కరూ దిగారు: పట్టుబట్టల మీద వానకోట్లు, సూట్ల కింద రబ్బరు బూట్లు.

"వాన వస్తుందని అందరికీ ఫోన్ చేసి చెప్పాను," అంది బ్రోన్విన్. "అమ్మకి మాత్రం చెప్పొద్దన్నాను. తడుస్తూనే చేసుకుందామనుకున్నాం."

ఊరంతటికీ తెలిసిన వాన. ఇన్నేళ్ళూ అందరి తరఫునా తానొక్కతే భయపడుతున్నాననుకుంది గ్లెనిస్. తీరా చూస్తే అందరూ కలిసి భయపడింది తన గురించి.

"అమ్మా," బ్రోన్విన్ కళ్ళు చిన్నవయ్యాయి. "కుర్చీలెక్కడ?"

అబద్ధానికి టైము లేదు, గొర్రెలు వణుకుతున్నాయి. "షెడ్డులో. ఎనభై. నేనే పెట్టించాను. ఇక నీ ఇష్టం తల్లీ, హోబార్ట్ పోతే పో. దారినపోయే వాళ్ళెందుకు, సాక్షిగా నన్ను తీసుకెళ్ళు."

బ్రోన్విన్ గౌను అంచు ఎత్తిపట్టుకుని గొర్రెల వైపు తిరిగింది. మెడ మీద చినుకులు జారుతున్నాయి. పెద్దవాళ్ళు ముక్కులు ఎగబీలుస్తున్నారు.

"రోరీ! అటు వైపు అడ్డం నిలబడు. హెస్టర్ అత్తా, చేతులు చాపు. ముందు గొర్రెల్ని లోపలికి తోలండి, తర్వాత మనం వెళ్దాం!"

ఎనభైమంది వానకోట్ల వాళ్ళు మందను వెనక్కి మళ్ళించారు. గొర్రెల్ని షెడ్డులోనే వెనక దొడ్లలో కట్టడి చేసి, ముందు కుర్చీల్లో మనుషులు సర్దుకున్నారు. రిబ్బన్లు తినగా మిగిలినన్ని ఉన్నాయి. బయట రేకుల మీద జల్లు దంచుతోంది, గాలి ఈల వేస్తోంది. లోపల రెండువందల ఒళ్ళ వెచ్చదనం. వధూవరులు మాట ఇచ్చుకునే సమయానికి చుట్టాలు కోట్లు విప్పేసుకున్నారు. హెస్టర్ బూట్లు కూడా విప్పేసి, "మా ఇంట్లో హీటరు ఇందులో సగం కూడా పనిచెయ్యదే గ్లెన్," అంది.

సంతకాలు అయ్యాక బ్రోన్విన్ అమ్మ భుజం మీద గడ్డం ఆనించింది. "కుర్చీలు కదపొద్దన్నానా?"

"అన్నావు."

"నా మాట విననందుకు థాంక్స్."

గ్లెనిస్ అప్పటికే గుమ్మంలోంచి గాలి ఎటు తిరిగిందో చూస్తోంది.

తర్వాతి వారంలో ఇద్దరు పెళ్ళికూతుళ్ళ తల్లులు ఫోన్ చేశారు. షెడ్డు ఇస్తారా అని అడగలేదు, గొర్రెలు ఏ తేదీల్లో ఖాళీగా ఉంటాయని అడిగారు.