గుండీలే మిగిలాయి

టైలరు భార్య దారానికి అయస్కాంతం కట్టి, గది నేలంతా ఈడుస్తూ గుండుసూదులు ఏరుతోంది. రోజూ పొద్దున్నే ఆమెకిది తప్పని పని. టైలరు పిల్లిలా చప్పుడు చేయకుండా చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?"

"గుండీలకి. బజారంతా తిరగాలి."

"సాయంత్రం మా చెల్లి పెళ్లిరోజు విందు. నా జాకెట్టుకి చేతులింకా పడలేదు. మీ వల్ల కాకపోతే చెప్పండి, ఎదురు సందు టైలరుకిస్తాను."

"వాడికా! నా పెళ్లాం బట్ట వాడి మిషనెక్కితే నేను షాపు మూసుకోవాలి. వచ్చి వేస్తానుగా. చేతులేగా!"

నిజానికి అతను బయల్దేరింది నడిసముద్రంలో చేపల వేటకి. సెలూన్ నడిపే మిత్రుడు పడవ మాట్లాడాడు. మందుల షాపు మిత్రుడు వాంతుల మాత్రలు తెచ్చాడు. పడవ నడిపే సరంగు టోపీ ముఖం మీదకి లాక్కుని, పలకరిస్తే పలకకుండా కూర్చున్నాడు.

ఒడ్డు గీతలా సన్నబడి, ఆ గీత కూడా చెరిగిపోయాక, అతను ఇంజను ఆపి టోపీ తీశాడు. టైలరు పోల్చుకున్నాడు. ఎండాకాలం నుంచి షాపు గుమ్మంలో వారం వారం కనిపిస్తున్న మీసాలే అవి.

"బాగున్నారా మాస్టారూ? నా ప్యాంటు కులాసానా?" అన్నాడు సరంగు. గుండీ ఊడిన పాత ప్యాంటు జారకుండా నడుముకి తాడు కట్టుకుని ఉన్నాడు.

"అయిపోయినట్టే బాబూ. గుండీలే మిగిలాయి," అన్నాడు టైలరు అలవాటుగా.

ఆగిన పడవని అలలు ఊయలూపాయి. మాత్రలు టైలరు కడుపులో నిలవలేదు. పొద్దున తిన్నదీ, రాత్రి తిన్నదీ వరసగా చేపల పాలయ్యాయి.

"బాబ్బాబు, ఒడ్డుకి పోనీ!"

"అలాగే మాస్టారూ. రేపు."

"రేపేంటయ్యా!"

"ఇంజను అయిపోయినట్టే. గుండీలే మిగిలాయి."

సెలూన్ మిత్రుడు పడీ పడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "అవునూ, నా కోటేదిరా?"

"మా అమ్మాయి గౌనో?" అందుకున్నాడు మందుల షాపు మిత్రుడు. "నువ్వు కుట్టేలోపు అది జానెడు పెరిగింది!"

ఇద్దరూ లేచి సరంగు పక్కకెళ్లి కూర్చున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. టైలరుకి నాలుగు వైపులా నుయ్యే, అదీ ఉప్పుది.

"ఇవాళే ఇస్తా! అమ్మతోడు!"

ఆ ఒట్టు వినగానే ఇంజను కోలుకుంది. అయితే సరంగుకి ఒట్ల మీద కన్నా తన కళ్ల మీద నమ్మకమెక్కువ. టైలరు వెంటే ఇంటికొచ్చి, కుట్టు మిషను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. వస్తూ వస్తూ మూరెడు చేప కూడా తెచ్చాడు.

"ఇది ఉంచు చెల్లెమ్మా. మాస్టారు ఇవాళ నా పడవలో చాలా అవస్థ పడ్డారు."

ఆమె చేపని చూసింది, మొగుణ్ణి చూసింది. "గుండీల కొట్లో ఇవి కూడా అమ్ముతున్నారా?"

టైలరు గబగబా మిషనెక్కాడు. ముందు ప్యాంటు, వెంటనే జాకెట్టు. మిషను ఇలాగే పరిగెడితే విందు వేళకి రెండూ అయిపోతాయి. చివరి గుండీ కుట్టి దారం కొరికాడు. సరంగు లోపలికెళ్లి ప్యాంటు వేసుకొచ్చాడు. గుండీ ఒక పక్క, కాజా ఒక పక్క, మధ్యలో జానెడు పొట్ట. ఎండాకాలం కొలతల్లో వానాకాలం పొట్ట ఇమడలేదు.

"కాస్త వదులు చెయ్యాలి మాస్టారూ."

"దానికేం బాబూ," అన్నాడు టైలరు చెమట తుడుచుకుంటూ. "రేపు రండి."

మాట జారింది. సరంగు పీటని మిషనుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుని, స్థిరంగా కూర్చున్నాడు.

టైలరు భార్య చేతుల్లేని జాకెట్టు భుజాన వేసుకుని, చేపని తోకతో పట్టుకుని గడప దాటింది.

ఎదురు సందు టైలరుకి చేపలంటే ప్రాణమని వీధిలో అందరికీ తెలుసు.